ఉప్పునీటి అక్వేరియం: మొదలుపెట్టేవాళ్ళకూ, విప్పి మళ్ళీ కట్టేవాళ్ళకూ

సంపాదకులకు నమస్కారం.

ఇంటి హాల్లో సముద్రం అంటూ రంగురంగుల ఫోటోలతో కథనాలు ఈమధ్య తరచు వస్తున్నాయి. అవి చూసి ముచ్చటపడి ట్యాంకు తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది ఏడాది తిరక్కుండానే దాన్ని అటకెక్కిస్తున్నారు. తప్పు వాళ్ళది కాదు. ఆ ఫోటోల కింద ఉండాల్సిన సమాచారం ఉండటం లేదు. ఉప్పునీటి ట్యాంకు ఎక్కువగా దెబ్బతినేది రెండు సందర్భాల్లో: మొదలుపెట్టిన మొదటి నెలలో, ఆ తర్వాత ఇల్లు మారినప్పుడో లీకు వచ్చినప్పుడో విప్పి మళ్ళీ కట్టిన రోజున. రెండుసార్లూ ప్రాణాలు తీసేది చేపల వ్యర్థాలు, కుళ్ళిన మడ్డి నుంచి పుట్టే అమ్మోనియానే. ఉత్తరం పొడుగైంది. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే అంకెలు మాత్రం ఉంచమని మనవి.

ముందు చట్టం. ఆ ఫోటోల్లో మెదడు ఆకారంలో, దుప్పి కొమ్ముల ఆకారంలో కనిపించే గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. 2001లో వాటిని అందులో చేర్చారు. నల్ల పగడం, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్, సముద్రపు గుర్రం కూడా అందులోవే. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో, లక్షద్వీప్ నుంచో తెచ్చిన ముక్క బతికున్నా, ఎండిపోయినా నేరం నేరమే. లైవ్ రాక్ పేరుతో అమ్మే రాయి కూడా చాలావరకు పగడపు అస్థిపంజరమే. శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. విదేశాల నుంచి వచ్చే గట్టి పగడాలకు సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలు కావాలి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణతో, సైటిస్ జాబితా ఉన్న నాలుగో షెడ్యూలులోని ప్రాణుల్ని బతికుండగా ఇంట్లో ఉంచుకునేవాళ్ళు నమోదు చేయించుకోవాలి. పత్రాలు అడిగితే ఇవన్నీ ఎవరు చూస్తారండీ అన్న జవాబు వచ్చే దుకాణంలో ఏమీ కొనకండి. కనుక ఈ ఉత్తరంలో రీఫ్ ట్యాంకు అంటే చేపలు, రొయ్యలు, నత్తలు, పత్రాలతో దిగుమతయిన లెదర్, మష్రూమ్ వంటి మెత్తటి పగడాలు. క్లౌన్ చేపల్ని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు హేచరీలో పుట్టించి చూపించారు. హేచరీ పిల్ల దొరికితే అదే కొనండి. పుట్టినప్పటినుంచీ గాజు గోడల మధ్యే పెరిగింది కాబట్టి మొదటి రోజునుంచే మేత తింటుంది.

ఇక నీళ్ళు. మన బోరు నీళ్ళలో టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 800, 1000 ఉండటం మామూలే. ఆర్వో మెంబ్రేన్ అందులో 95 నుంచి 98 శాతం ఆపుతుంది, అంటే 1000 ఉన్నచోట 20 నుంచి 50 మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లో సిలికేటు, నైట్రేటు ఉంటే నాచుకు పండగే. మెంబ్రేన్ తర్వాత, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ పెట్టి, మీటరులో సున్నా చూపించాకే ఆ నీళ్ళు వాడాలి. వంటింటి ప్యూరిఫయరు నీళ్ళు పనికిరావు. రుచి కోసం అందులో మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, టీడీఎస్ కంట్రోలరు కొంత పచ్చినీళ్ళు మళ్ళీ కలుపుతుంది. కొన్ని మోడళ్ళు ఆరోగ్యానికి మంచిదని రాగి కూడా కలుపుతాయి. మనకు మంచిదనుకున్న ఆ రాగి రొయ్యకు, నత్తకు, పగడానికి విషం. చేపలు హుషారుగా తిరుగుతుంటాయి, రొయ్యలు మాత్రం రెండో రోజుకే వెల్లకిలా పడిపోతాయి. కారణం తెలియక మళ్ళీ రొయ్యలు కొంటారు. 20 లీటర్ల క్యాన్ నీళ్ళకూ ఇదే మాట. వాటిలోనూ లవణాలు ఉంటాయి.

ఉప్పు విషయంలో మనకో భ్రమ ఉంది. నౌపడా, చినగంజాం మళ్ళలో పండిన కళ్ళుప్పు సముద్రం నుంచే వచ్చింది కదా, నీళ్ళలో కలిపితే మళ్ళీ సముద్రం అవుతుంది కదా అని. కాదు. మడిలో నీరు ఇంకుతున్నప్పుడు ముందు కాల్షియం కార్బొనేటు, తర్వాత జిప్సం విడిపోతాయి, ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు మిగిలిన చేదు నీళ్ళలో ఉండిపోతాయి. కళ్ళుప్పు దాదాపు సోడియం క్లోరైడే. అక్వేరియం కోసం తయారుచేసిన సాల్ట్ మిక్సే వాడాలి. 20 లీటర్ల డీఐ నీళ్ళకు సుమారు 720 నుంచి 760 గ్రాములు పడుతుంది. గ్లాసులతో కొలవకుండా తూకం వేయండి. నీళ్ళలో ఉప్పు కొంచెం కొంచెంగా వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. అలా పోస్తే అడుగున చిక్కటి ద్రావణంలో కాల్షియం, కార్బొనేటు కలిసి సున్నంలా తెల్లగా పేరుకుంటాయి, మళ్ళీ కరగవు. చిన్న పంపు పెట్టి ఒక రోజు తిరగనిచ్చి, 25 డిగ్రీల దగ్గర సాంద్రత 1.025 నుంచి 1.026, అంటే వెయ్యికి 35 పాళ్ళ లవణీయత చూసుకోవాలి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్ళతో సున్నాకు సరిచేస్తే చాలదు, 35 పాళ్ళ ప్రామాణిక ద్రావణంతో సరిచూడాలి.

విశాఖ, కాకినాడ వాళ్ళు సముద్రపు నీళ్ళే తెచ్చుకుందామనుకుంటారు. బంగాళాఖాతంలో ఒడ్డు దగ్గర లవణీయత ఏడాదంతా ఒకేలా ఉండదు. గోదావరి, కృష్ణ వరదలు కలిసిన నెలల్లో బాగా పడిపోతుంది, ఒండ్రు ఎక్కువగా ఉంటుంది. మన తీరాన పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికీ ప్రధానంగా ఈ మంచినీరు, ఒండ్రే కారణం. బీచ్ ఇసుక అసలే వద్దు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైటు, మాగ్నటైటు రేణువులుంటాయి. అద్దం తుడిచే అయస్కాంతానికి అలాంటి రేణువు ఒక్కటి అంటుకుంటే చాలు, నిలువునా గీత పడుతుంది. ఆ గీత పోదు.

కొలతకు ఒక ట్యాంకు తీసుకుందాం: 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు, 10 మిల్లీమీటర్ల గాజు. సుమారు 180 లీటర్లు. రాళ్ళు, ఇసుక, కింద సంపు (ఫిల్టరు, పంపు ఉండే రెండో తొట్టి), స్టాండు అన్నీ కలిపితే 300 కిలోలు దాటుతుంది. నివాస గృహాల శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల భారానికి లెక్క కడతారు. కాబట్టి ఫ్లాట్లలో ట్యాంకును గది మధ్యలో కాకుండా బీము మీద, గోడ వారగా పెట్టాలి. పాత భవనమైతే ఇంజనీరును అడగాలి.

సంపులో ఎప్పుడూ కొంత ఖాళీ ఉండాలి. కరెంటు పోగానే, సంపు నుంచి ట్యాంకులోకి నీళ్ళు పంపే రిటర్న్ పైపు నుంచి నీళ్ళు వెనక్కి లాగుతాయి. ఈ ట్యాంకులో ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్ళంటే 4 లీటర్లు. పైపు మూతి నీటిమట్టానికి 3 సెంటీమీటర్లు లోపల ఉంటే 12 లీటర్లు కిందికి దిగుతాయి, ఓవర్‌ఫ్లోలో ఉన్నది అదనం. మొదటి రోజే పంపు ఆపి, నీళ్ళు ఎంతదాకా పెరిగాయో చూసి సంపు మీద మార్కరుతో గీత పెట్టండి. నడుస్తున్నప్పుడు నీటిమట్టం ఆ గీతకు బాగా కింద ఉండాలి. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు తీగ వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందికి రాలుతుంది. కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ స్విచ్చి లేకుండా ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టకండి.

అమెరికాలో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు హీటర్లు, పంపులు తెచ్చిపెడుతుంటారు. అక్కడి ఏసీ పరికరాలు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌వి. మన సాకెట్లో నేరుగా పెడితే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టేజి సరిపోతుంది గానీ మన కరెంటు 50 హెర్ట్జే కాబట్టి సింక్రొనస్ మోటారు పంపులు ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతాయి. అడాప్టరు మీద 100 నుంచి 240 అని రాసి ఉన్న డీసీ పంపులే తెప్పించుకోండి.

రాళ్ళకు పగడం అవసరమే లేదు. సిమెంటు ఒక పాలు, కోళ్ళ మేతలో కలిపే ఆలిచిప్పల గ్రిట్ మూడు నాలుగు పాళ్ళు, కళ్ళుప్పు ఒక పాలు కలిపి, తడి ఇసుకలో గుంటలు చేసి పోత పోయవచ్చు. మనం పక్కన పెట్టిన కళ్ళుప్పు ఇక్కడ పనికొస్తుంది: తర్వాత నీళ్ళలో కరిగిపోయి రాయిలో రంధ్రాలు మిగులుస్తుంది, బ్యాక్టీరియా కాపురం పెట్టేది ఆ రంధ్రాల్లోనే. గట్టిపడ్డాక ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచినీళ్ళలో నానబెట్టి వారం వారం నీళ్ళు మార్చాలి. మార్చిన మర్నాడు కూడా పీహెచ్ 8.5 దాటకపోతేనే ట్యాంకులోకి. ఓపిక లేనివాళ్ళు సిరామిక్ రాళ్ళు కొనుక్కోవచ్చు. రాళ్ళను ఇసుక మీద కాదు, అడుగు మీదే నిలబెట్టి తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. గోబీ చేప, పిస్టల్ రొయ్య ఇసుక తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి ఒరిగి అద్దం పగులుతుంది.

ఇప్పుడు మొదటి నెల. చవకరకం డామ్సెల్ చేపను పడేసి సైకిల్ చేయమని, అంటే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియాను పెంచమని, చెప్పే దుకాణాలు ఇంకా ఉన్నాయి. అది క్రూరం, పైగా ఆ డామ్సెల్ బతికి బట్టకడితే తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరిమికొడుతుంది. చేప లేకుండానే చేయవచ్చు. 180 లీటర్లకు 1.1 గ్రాముల అమ్మోనియం క్లోరైడు వేస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కలపండి, పంపులు నడపండి, లైటు ఆపేయండి. అమ్మోనియా నైట్రైటుగా, అది నైట్రేటుగా మారడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ముగిసిందనడానికి గుర్తు తారీఖు కాదు. మళ్ళీ 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాలి. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 కాబట్టి అదే మోతాదు అమ్మోనియా మంచినీటి ట్యాంకులో కంటే ఇక్కడ ఎక్కువ విషం. ఆ తర్వాత మొదటి క్లౌన్ జత, రెండు వారాలకు ఇంకొకటి. ఈ కొలత ట్యాంకులో నాలుగైదు చిన్న చేపలకు మించి వద్దు. బ్లూ టాంగ్ చేపకు ఇది చాలదు. మాండరిన్ చేప సన్నటి కోపెపాడ్ పురుగుల్నే ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు కాబట్టి మన కళ్ళముందే ఆకలితో చిక్కిపోతుంది.

మూడో వారం నుంచి అద్దాల మీద గోధుమరంగు పొడిలా డయాటమ్‌లు, తర్వాత పచ్చటి వెంట్రుకల నాచు వస్తాయి. కంగారుపడి మందులు పోయకండి. నైట్రేటు 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 ఉంటే చాలు. రెండూ సున్నాకు దించితే నాచు పోయి, దానికంటే మొండిదైన డైనోఫ్లాజెల్లేట్ వస్తుంది: చీమిడిలా సాగుతూ, కొసన గాలిబుడగ పట్టుకుని ఊగే గోధుమరంగు తీగలు. అవి కనిపిస్తే నీళ్ళు మార్చడం తగ్గించి, మేత కొంచెం పెంచాలి. ఆల్కలినిటీ (నీళ్ళలోని కార్బొనేట్ల కొలత) 8 నుంచి 9 కేహెచ్, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం చాలు. వారానికి 20 లీటర్లు మారిస్తే మెత్తటి పగడాలకు ఇంకే మందూ అక్కర్లేదు. ఆల్కలినిటీ, కాల్షియం తగ్గితే సున్నపు తేట ఉంది: లీటరు డీఐ నీళ్ళకు 1.5 గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడు కలిపి, తేరిన నీటిని రాత్రిపూట చుక్కచుక్కగా వదలాలి. దాని పీహెచ్ 12 దాటుతుంది, ఒక్కసారిగా పోస్తే చేపలు చస్తాయి. కిళ్ళీ సున్నం వద్దు, అందులో ఇంకేం కలిశాయో తెలియదు. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది డీఐ నీళ్ళే. ఉప్పు ఆవిరి కాదు.

మనకు హీటరు కంటే చిల్లరు (నీళ్ళను చల్లబరిచే యంత్రం) అవసరం. నీళ్ళు 25 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్నాళ్ళుంటే పగడాలు తమలోని శైవలాన్ని వదిలేసి తెల్లబడతాయి. హైదరాబాదు పొడి ఎండల్లో నీటి మీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఫ్యాను పెద్దగా పనిచేయదు. కరెంటు పోతే ముందు కావలసింది నీటి కదలిక, తర్వాత చల్లదనం, చివర లైటు. ఇంటి ఇన్వర్టరు మీద చిల్లరు వద్దు. నీళ్ళను కదిలించే 20 వాట్ల డీసీ వేవ్ పంపు ఒక్కటే పెడితే 150 ఏహెచ్ బ్యాటరీ ఒక రోజు దాటి వస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఏసీ పంపులు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. తీరంలో ఉన్నవాళ్ళు బ్యాటరీతో నడిచే రెండు ఎయిర్ పంపులు, విడి సెల్‌లు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోవాలి.

ఇక విప్పి మళ్ళీ కట్టడం. ఎక్కువ ట్యాంకులు పోయేది ఇక్కడే, దోషం పాత ఇసుకది. ఏడాది దాటిన ఇసుకను అద్దం పక్కనుంచి వంగి చూడండి. పైన తెలుపు, మధ్యలో గోధుమరంగు, అడుగున బూడిదరంగు, అక్కడక్కడ నల్లటి చారలు. ఆ నలుపును గరిటెతో కదిపితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, అది హైడ్రోజన్ సల్ఫైడు. దాంతోపాటు అమ్మోనియా, ఇన్నాళ్ళు పేరుకున్న మడ్డి. కదలకుండా ఉన్నన్నాళ్ళు బాధ లేదు. అలవాటైన బ్యాక్టీరియా కదా అని ఆ ఇసుకను అలాగే ఎత్తి కొత్త ట్యాంకులో పోస్తే తెల్లారేసరికి చేపలు నీటి పైకొచ్చి గాలి కోసం నోళ్ళు తెరుస్తుంటాయి. పాత ఇసుక పారేయండి. ఉంచుకోవాలంటే నీళ్ళు తేటగా వచ్చేదాకా కుళాయి కింద కడిగి, చివర డీఐ నీళ్ళతో తొలవండి. బ్యాక్టీరియా రాళ్ళలో కావలసినంత ఉంది.

వారం ముందు ట్యాంకు ఆల్కలినిటీ కొలిచి రాసుకోండి. కొత్తనీళ్ళు 120 లీటర్లు ముందురోజే కలిపి ఉంచండి. కొన్ని సాల్ట్ మిక్సులు 11, 12 కేహెచ్ ఇస్తాయి. మీ ట్యాంకు 7.5 మీద నడుస్తుంటే ఒక్కరోజులో అంత పెరుగుదలకు పగడాలు ముడుచుకుపోతాయి. ట్యాంకుకు దగ్గరగా ఉండే మిక్సునే ఎంచుకోండి. ఆ రోజు పొద్దున హీటరు ఆపి 20 నిమిషాలు ఆగండి, వేడి హీటరు గాలికి తగిలితే పగులుతుంది. ఇసుక కదలకముందే పైనుంచి 90 లీటర్ల తేటనీరు తొట్లలోకి దించుకోండి. ముందు పగడాలు ఒక తొట్టిలోకి. తర్వాత రాళ్ళు, ఒక్కొక్కదాన్ని ఆ నీళ్ళలోనే జాడించి మడ్డి వదలగొట్టి, పంపు పెట్టిన ఇంకో తొట్టిలోకి. రాయి మీద స్పాంజి (రాయికి అంటుకుని పెరిగే మెత్తటి సముద్ర జీవి) ఉంటే క్షణం కూడా గాలి తగలనీయకండి. గాలి చొరబడిన స్పాంజి చచ్చి నీళ్ళను కుళ్ళబెడుతుంది. చేపలు చివర. రాళ్ళు తీసేసి నీళ్ళు జానెడు మిగిలాక వల అక్కర్లేకుండా డబ్బాతోనే దొరుకుతాయి, ముందే వెంటాడితే బెదిరి రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. మూత ఉన్న బకెట్లో ఎయిర్ స్టోన్‌తో ఉంచండి.

లీకు బాగుచేయాలంటే పాత సిలికోన్ మీద కొత్తది పూయకండి, అంటుకోదు. లోపలి అంచుల సిలికోన్ మొత్తం బ్లేడుతో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బూజుమందు కలపని అసిటిక్ రకం సిలికోన్ ఒకే పట్టున వేయాలి. వెనిగరు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, ఆరనివ్వాలి. ఆపైన మంచినీళ్ళు నింపి రెండు రోజులు కింద పాత పేపరు పరిచి చూడాలి. తడి మచ్చ ఉంటే పేపరు చెబుతుంది. ఆ పది రోజులూ తొట్లలో పంపు, ఉష్ణోగ్రత అన్నీ ట్యాంకులోలాగే నడవాలి, అమ్మోనియా రోజూ కొలవాలి.

చాలా ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. నాచు, పురుగులు పోతాయని కొందరు రాళ్ళను గిన్నెలో ఉడకబెడతారు. రాతి మీద పాలిథోవా, జోవాంథిడ్ జాతి గుండీ పగడాలుంటే వాటిలోని పాలీటాక్సిన్ ఆవిరితో గదంతా వ్యాపిస్తుంది. ఇంట్లోవాళ్ళకు ఊపిరి అందక ఆసుపత్రి పాలయిన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. ఉడకబెట్టవద్దు, వేడినీళ్ళు పోయవద్దు, పొడి బ్రష్షుతో గీకవద్దు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు లేకుండా ఆ రాళ్ళు ముట్టుకోవద్దు. ట్యాంకు మానేస్తున్నవాళ్ళు చేపల్ని బీచ్‌లో వదలడం కూడా వద్దు. రోగాలు సముద్రానికి అంటుతాయి. తెలిసినవాళ్ళ ట్యాంకుకు ఇవ్వండి.

తిరిగి కట్టాక నీళ్ళు ఇసుక మీద పళ్ళెం పెట్టి దాని మీద పోయండి. 150 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచి, నురగతో మడ్డిని లాగేసే స్కిమ్మరు వెంటనే పెట్టాలి. మూడు రోజులు ఉదయం సాయంత్రం అమ్మోనియా చూడండి, 0.25 పీపీఎం కనిపించినా 40 లీటర్లు మార్చండి. అందుకే 120 లీటర్లు కలిపి ఉంచమన్నది. మేత రోజు విడిచి రోజు చిటికెడు. కొత్తనీళ్ళు పాతవాటికంటే తేట కాబట్టి అదే లైటు పగడాలకు ఎక్కువై మాడుస్తుంది. సగానికి తగ్గించి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం